మూకుళ్ళ ఆఫీసు పక్కన పిండి గిర్ని

మేము ఆ కాలనీకి వచ్చేనాటికి అక్కడ నాలుగే ఇళ్ళున్నాయి. మాది ఐదోది. మిగతాదంతా తెల్ల సున్నం పూసిన హద్దురాళ్ళు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. అంతకుముందు అది ద్రాక్షతోట. తీగలు పీకేశారు కాని వాటిని మోసిన రాతి కడీలు చాలాచోట్ల అలాగే నిలబడి ఉన్నాయి. మా పెరట్లో రెండు మిగిలితే వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసేదాన్ని.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు మీద దిగి మట్టిబాటలో కొంచెం నడిస్తే కాలనీ వస్తుంది. దాని వెనక పొడుగాటి కాంపౌండు గోడ, గోడ లోపల అంతరిక్ష కేంద్రం. ఉపగ్రహాలు పైనుంచి పంపే బొమ్మలను అందుకునే పెద్ద పెద్ద తెల్లటి డిష్షులు గోడ మీదుగా కనిపించేవి. పక్క ఊరివాళ్ళు వాటిని మూకుళ్ళు అనేవారు. ఆ ఆఫీసుకు ఇంగ్లీషులో చాలా పొడుగు పేరుంది. ఆ పేరు ఊళ్ళో ఎవరి నోటా నేను వినలేదు. 'మూకుళ్ళ ఆఫీసు' అంటే చాలు, ఆటోవాడు సరిగ్గా గేటు ముందు దింపేవాడు.

మా ఆయన అందులో టెక్నీషియన్. డిష్షులను తిప్పే మోటార్లు, వాటి కేబుళ్ళు చూసుకోవడం ఆయన పని. పెళ్ళయినప్పటి నుంచి మేము అల్వాల్‌లో, మా అమ్మావాళ్ళింటికి రెండు వీధుల అవతల అద్దెకుండేవాళ్ళం. ఆయనకు పోను రాను సగం రోజు బస్సుల్లోనే అయిపోయేది. ఆఫీసు పక్కనే తోట కొట్టేసి ప్లాట్లు వేస్తున్నారని తెలిసి, తోటివాళ్ళు కొందరు కొంటుంటే తనూ కొన్నాడు. రెండు గదులు లేపి, గోడలకు గిలాబు పూర్తికాకముందే మకాం మార్చాం. మొదటి రోజు సైకిలు మీద ఆఫీసుకు పోయి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, మళ్ళీ పోయాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

నాకేమో కాలు నిలవలేదు.

అల్వాల్‌లో తెల్లారితే రైలు కూత, పాల సైకిళ్ళ గంటలు, బడిపిల్లల అరుపులు. కిటికీ తీస్తే ఎవరో ఒకరు పలకరించేవారు. ఇక్కడ తలుపు తీస్తే గాలి. పిల్లలు ఇంకా పుట్టలేదు. ఇద్దరికి వండే వంట ఎంతసేపని? ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చేదాన్ని. మంచాన్ని ఈ గోడ పక్కనుంచి ఆ గోడ పక్కకు జరిపేదాన్ని. విసుగొచ్చి బయటికొస్తే, గోడ అవతల డిష్షు ఉన్నట్టుండి కదిలేది. కనపడని దేన్నో చూస్తూ ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తల తిప్పేది. దాని పని దానికుంది కదా అనుకునేదాన్ని.

రెండు రోజులకోసారి ఏదో ఒక సాకుతో షేరాటో ఎక్కి అల్వాల్ పోయేదాన్ని. మా ఆయన మొదట్లో ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం అడిగాడు.

“ఇయ్యాల మల్ల అల్వాల్ పోయినవా?”

“కొత్తిమీర కోసం పోయిన.”

“కొత్తిమీర కోసం అంత దూరమా?”

“మరి గీడ దొరుకుతదా? నీ మూకుట్ల కాస్తదా?”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అల్వాల్ పోయినా అక్కడా కూర్చోలేకపోయేదాన్ని. అమ్మ చాయ్ పెట్టేలోపే లేచి వాకిట్లోకి పోతే, “ఏమైందే నీకు, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నవా?” అని ఆమె తిట్టేది.

అట్లాంటి రోజుల్లో చేపలమ్మే అక్క మా ఇంటికి వచ్చింది. వాళ్ళది పక్క ఊరు. భర్త శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు, ఆమె గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది. ఎండకు నల్లబడ్డ మొహం, పెద్ద గొంతు. మా అరుగు మీద గంప దించి, “సెల్లె, జర సల్లటి మంచినీళ్ళియ్యి” అంది. నీళ్ళు తాగి, నేను చేపలు కొనకపోయినా చాలాసేపు కూర్చుంది. మరునాడూ వచ్చింది. మూడో రోజు ఆమె కోసం నేనే బాట దాకా ఎదురు వెళ్ళాను.

ఒకరోజు ఆమె నెత్తి మీద గంప లేదు, జొన్నల మూట ఉంది. మొహం చిటపటలాడుతోంది.

“ఏంది అక్కా, ఇయ్యాల చేపలు లేవా?”

“చేపలేడియి! జొన్నలు పట్టిచ్చేటందుకు మేడ్చల్ పోతున్న. మా ఊరి గిర్నోడు జాగ అమ్ముకొని బహదూర్‌పల్లిల ఇల్లు కట్టుకున్నడు. గిర్ని బందు వెట్టిండు. ఇగ రొట్టె తినాలంటె ఒక పూట బేరం వోతాంది. ఊరంత పరేషాన్ ఉన్నరు.”

ఆమె వెళ్ళిపోయాక నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం మా ఆయన సైకిలు దిగకముందే చెప్పేశాను.

“గిర్ని పెడత.”

“ఏం గిర్ని?”

“పిండి గిర్ని.”

ఆయన సైకిలు స్టాండు వేసి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “నీకు గిర్ని పని ఏమెరుక?”

“నీకు మోటర్లు ఎరుక గద. నేర్పు.”

గిర్నికి త్రీఫేజు కరెంటు కావాలి. అది కాలనీలో లేదు. ఉన్నదల్లా పాత ద్రాక్షతోట బావి పక్కన, మోటరు కొట్టంలో. ఆ తోట, ప్లాట్లు, బావి అన్నీ ఊళ్ళోని ఒక పెద్ద రైతువి. తండ్రి కాలం దాకా వ్యవసాయం, ఈయన వచ్చాక ప్లాట్లు, కొంచెం రాజకీయం. తెల్ల చొక్కా వేసుకుని రోజూ కారులో వచ్చి, ఏ ప్లాటు ముందు ఎవరు నిలబడ్డారో చూసి పోయేవాడు. భయపడుతూ అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు.

“నడుపు బిడ్డా. గీడ గిర్ని నడుస్తున్నదంటె, ప్లాటు జూడ వచ్చినోడు ఇది మనుషులుండే జాగనే అనుకుంటడు. గిప్పుడైతె వచ్చినోడల్ల పాములున్నయా అనే అడుగుతాండు.”

బొల్లారంలో మూతపడ్డ ఒక గిర్నిని సెకండుహాండులో కొని తెచ్చాం. మా ఆయన రెండు ఆదివారాలు కూర్చుని మోటరు విప్పి శుభ్రం చేసి, దాన్ని గిర్నికి కలిపే పట్టా బిగించాడు. రాళ్ళకు గాట్లు పెట్టడం, సన్నపిండికి ఎంత దగ్గరికి జరపాలి, మక్కల గటుక రవ్వకు ఎంత వదులు చేయాలి, అవన్నీ పాడైన పిండి తిని తిని నేర్చుకున్నాను. త్రీఫేజు కరెంటు పొద్దుటిపూట మాత్రమే వచ్చేది. కాబట్టి గిర్ని పొద్దున్నే. మంగళవారం సెలవు. బేరం అయ్యాక అక్క కూడా వచ్చి సాయం చేసేది. ఆమె పోస్తే నేను పట్టేదాన్ని, నేను పోస్తే ఆమె పట్టేది.

చప్పుడు నాకు హాయిగా ఉండేది. గిర్ని తిరుగుతుంటే ఒళ్ళంతా దానితోపాటు అదిరేది. మధ్యాహ్నానికి కనురెప్పల మీద కూడా పిండి. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టేది.

కాలనీ అంటూ ఒకటి తయారైంది ఆ కొట్టం ముందే. అంతకుముందు ఇళ్ళు ఒకదానికొకటి దూరం దూరంగా, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుని ఉండేవి. డబ్బాలు వరసలో పెట్టాక మాటలు కలవక తప్పదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆవిడకు బియ్యప్పిండి, మా పక్కింటివాళ్ళకు గోధుమ, ఊరి ఆడవాళ్ళకు జొన్న, మక్క. నీళ్ళ ట్యాంకరు ఏ రోజు ఎవరింటి ముందు ఆగాలో అక్కడే తేలింది. మొదటి ఏడు బతుకమ్మ ఎక్కడ ఆడాలో కూడా ఆ వరసలోనే తేలింది. కొట్టం ముందరి ఖాళీ జాగాలో ఊరివాళ్ళూ కాలనీవాళ్ళూ కలిసి ఆడాం. పాట రానివాళ్ళు చప్పట్లు కొట్టారు.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. ఒక ఉదయం కాలనీలో కొత్తగా దిగిన ఒకావిడ, అక్క నా పక్కన ఉండడం చూసి డబ్బా వెనక్కి తీసుకుంది.

“ఏమనుకోకండి. చేపలు పట్టుకున్న చేతులు కదా...”

నేను నోరు తెరిచేలోపే అక్క అంది, “సబ్బు వెట్టి కడుక్కున్న అమ్మా. వాసన సూడున్రి.” అని రెండు చేతులూ ఆమె ముందు చాపింది. ఆవిడకు ఏం చేయాలో తోచలేదు. వరసలో అందరూ చూస్తున్నారు. చివరికి తల కొంచెం వంచి నిజంగానే వాసన చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కూడా నవ్వేసి డబ్బా కింద పెట్టింది. అక్క ఆ రోజంతా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కాని మరునాటి నుంచి చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఏడాది తిరిగిందో లేదో, మా ఆయన ఇంట్లో మాటలు తగ్గించాడు. అన్నం ముందు కూర్చుని ఏదో ఆలోచించేవాడు. ఒక సాయంత్రం అడిగాడు.

“పొద్దుగాల గిర్ని ఎన్నింటికి సురువు చేస్తవు?”

“కరెంటు రాంగనే. ఎందుకు?”

“ఊకెనే.”

ఊరికే అడిగే మనిషి కాదు. మరునాడు పట్టుబట్టి అడిగితే చెప్పాడు. కొన్నాళ్ళుగా పొద్దుటిపూట వచ్చే ఉపగ్రహం బొమ్మల్లో అడ్డంగా గీతలు పడుతున్నాయట. ఎక్కడినుంచో ఒక గోల వచ్చి సిగ్నల్లో కలుస్తోంది. డిష్షు చూశారు, కేబుళ్ళు మార్చారు, పోలేదు. ఆఫీసంతా తల పట్టుకుంది. తప్పు డిష్షు మోటార్లలో ఉందేమోనని అందరూ ఈయననే చూస్తున్నారు.

“అయితె?”

“మంగళారం గీతలు వస్తలేవు.”

చేతిలో గిన్నె కింద పెట్టాను. మంగళవారం గిర్నికి సెలవు.

“ఆఫీసుల చెప్పినవా?”

“చెప్పిన.”

“నాకు చెప్పకముందే?”

ఆయన తల వంచుకున్నాడు. “అది కొలువు. చెప్పాలె గద.”

“కొలువుకు చెప్పు, ఎవలొద్దన్నరు! ఇంట్ల ఉన్న మనిషికి ఒక మాట ముందుగాల చెప్తె ఏం పోతుండె? నేనేమన్న దొంగనా, దాచిపెట్టి పట్టుకుంటందుకు?”

ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు.

మరునాడు పొద్దున ఆఫీసు జీపు వచ్చింది. అందులోంచి ఒక ఇంజనీరమ్మాయి దిగింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో, విశాఖపట్నం వైపు మాట. చేతిలో చేప ముల్లులా అటూ ఇటూ పుల్లలున్న ఒక యాంటెన్నా, మెడలో ఒక పెట్టె. పెట్టెలోంచి బరబరమని చప్పుడు వస్తోంది. ఆమె యాంటెన్నాను ఏ వైపు తిప్పితే ఆ వైపు చప్పుడు పెరగడమో తగ్గడమో. మొదట రోడ్డు వైపు నడిచింది, తర్వాత ఇళ్ళ వైపు, తర్వాత మా కొట్టం వైపు తిరిగింది. డబ్బాలు వరసలో వదిలేసి ఆడవాళ్ళంతా ఆమె వెనకే నడిచారు.

గిర్ని ముందు నిలబడి, “అక్కా, ఒక్కసారి ఆపుతారాండీ?” అంది.

ఆపాను. పెట్టె నోరు మూసుకుంది.

“మళ్ళీ వేయండి.”

వేశాను. బరబరమని మొదలైంది. ఆ అమ్మాయి మొహం విప్పారింది. ఇన్నాళ్ళు వెతుకుతున్నది దొరికింది మరి. నా మొహం చూసి వెంటనే ఆ నవ్వు దాచుకుంది.

ఆ సాయంత్రమే కబురొచ్చింది. సంగతేమిటో తేలేదాకా పొద్దుటిపూట గిర్ని నడపవద్దని. త్రీఫేజు ఉండేదే పొద్దుటిపూట. అంటే గిర్ని నడపవద్దనే.

తాళం వేసి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానంటే అబద్ధం. తిరిగాను. బావి దాకా పోయి వచ్చాను, కొట్టం దాకా పోయి తాళం చూసి వచ్చాను. మా ఆయనతో అవసరమైన మాటే. ఆయన పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. కాలనీ రెండుగా చీలింది. ఆఫీసులో పనిచేసేవాళ్ళ ఇళ్ళు, దేశం పని ముందు గిర్ని ఎంత అన్నాయి. మిగతావాళ్ళు, పిండి ఎక్కడ పట్టించుకోవాలి అన్నారు. ప్లాట్ల పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయి, లోపల చాయ్ తాగి, వట్టి చేతులతో వచ్చాడు.

“వాళ్ళు మంచిగనే మాట్లాడిన్రు బిడ్డా. ఏమన్నరో మాత్రం నాకు సమజ్ గాలె.”

అక్క మూడు నాలుగు రోజులు ఓపిక పట్టింది. తర్వాత ఒక పొద్దున పది పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. అందరి చంకల్లో డబ్బాలు, మూటలు.

“గేటు కాడికి పోతున్నం సెల్లె. వస్తవా?”

“అక్కా, మా ఆయన లోపట్నే ఉంటడు.”

“ఎరుకే. అందుకే వస్తవా అని అడుగుతున్న. రాకుంటె ఏమనుకోం.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది, కోపం తెచ్చుకుని ఇంట్లో ఉండిపోయేదాన్ని. తాళంచెవి కొంగుకు ముడేసుకుని వాళ్ళతో నడిచాను.

గేటు ముందు డబ్బాలు వరసలో పెట్టి కూర్చున్నాం, గిర్ని ముందు కూర్చున్నట్టే. కాపలావాళ్ళు లేవమన్నారు. ఎవరూ లేవలేదు, ఎవరూ అరవలేదు కూడా. ఎండ ఎక్కింది. లోపలినుంచి కొందరు వచ్చి చూసి పోయారు. చివరికి ఆఫీసు పెద్దసారు వచ్చాడు. తెల్లజుట్టు, మెత్తటి మాట. ఆయన వెనక ఇంజనీరమ్మాయి, ఇంకో ఇద్దరు ముగ్గురు, వాళ్ళలో మా ఆయన. నన్ను చూసి ఆయన అడుగు ఆగింది.

“అమ్మా, ఇది చిన్న విషయం కాదు,” అన్నాడు పెద్దసారు. “తుఫాను వస్తోందా, ఏ చెరువులో ఎంత నీళ్ళున్నాయి, పంటలు ఎట్లా ఉన్నాయి, ఇవన్నీ ఆ బొమ్మలు చూసే చెబుతారు. అవి పాడైతే ఎలా?”

అక్క లేచి నిలబడింది. “మంచి పనే సారూ. మేము వద్దంటలేం. మా సేను గీ గోడ లోపటికే వొయ్యింది, అప్పుడు గూడ మంచి పని అంటేనే ఇచ్చినం. గిర్నిల తప్పేందో సూపియ్యున్రి, బాగు చేసుకుంటం. తప్పు సూపియ్యకుంట తాళమేసుకోమంటె ఎట్ల? మీరు తినేటియి గూడ రొట్టెలే గద.”

వెనక ఎవరో నవ్వారు. పెద్దసారు నవ్వలేదు, కాని తల పంకించాడు. ఇంజనీరమ్మాయి, “నేను చూస్తాను సార్. రెండు రోజులు ఇవ్వండి” అంది.

అప్పుడు మా ఆయన ముందుకొచ్చాడు. పెద్దసారు ముందు గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. గేటు ఇనుప చువ్వ పట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు. “సార్, మోటరు నేనే బిగించిన. దాంట్ల తప్పుంటె నాదే. లైను మొత్తం ఒకసారి చూడాలె. నేను గూడ పోత సార్.”

అక్క నా భుజం మీద చేయి వేసింది. నేను డబ్బాల వైపు చూస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళు ఎవరూ చూడకూడదని.

మరునాడు కొట్టం దగ్గర తిరనాళ్ళలా ఉంది. మా ఆయన పట్టా విప్పి వట్టి మోటరును నడిపాడు. పెట్టె బరబరమంది. మోటరు విప్పేసి దాని బదులు పెద్ద హీటరు తగిలించాడు. అప్పుడూ బరబరమంది. అంటే తప్పు మోటరుది కాదు, గిర్నిది కాదు. “మరి దేనిది?” అని అందరం ఒకేసారి అడిగాం. ఆ అమ్మాయి యాంటెన్నా పైకెత్తి తీగల వెంట నడిచింది. బావి అవతల గడ్డిలో ఒక పాత స్తంభం ఉంది. దాని దగ్గరికి పోతుంటే పెట్టె గోల చెవులు చిల్లులు పడేట్టు పెరిగింది. కబురు చేస్తే వచ్చిన కరెంటాఫీసు లైన్‌మన్ పొడుగాటి వెదురుతో స్తంభాన్ని తట్టాడు. తట్టినప్పుడల్లా గోల తెగి తెగి వచ్చింది.

సరఫరా ఆపి పైకెక్కి చూస్తే, తీగకు తీగ మెలిపెట్టి వదిలేసిన పాత అతుకు. తుప్పు పట్టి పట్టి ఈ మధ్యే వదులైంది. కరెంటు ఎక్కువ లాగినప్పుడల్లా అక్కడ సన్నగా నిప్పురవ్వలు లేస్తున్నాయి. తోట బావి మోటరు ఆగిపోయాక ఆ లైనును అంతగా వాడింది మేమే. అందుకే గిర్ని నడిచినప్పుడే గోల.

ప్లాట్ల పెద్దాయన మెడ వెనక్కి వంచి స్తంభాన్ని చూశాడు. “అది మా నాయిన ఏయించిన లైను. నేను గూడ ఎన్నడు జూడలె.” కొత్త తీగ తానే తెప్పించాడు. మర్నాటికి అతుకు మార్చారు. గిర్ని వేశాను. పెట్టె మౌనంగా ఉంది. ఇంజనీరమ్మాయి మెడలోంచి పెట్టె తీసి అక్క మెడలో వేసింది. అక్క దానికి చెవి ఆనించి, “సచ్చింది పో!” అని కేకేసింది.

కొన్నాళ్ళకు పెద్దసారు, గేటు ముందు కూర్చున్న అందరినీ లోపలికి రమ్మని పిలిచాడు. ప్లాట్ల పెద్దాయన తప్ప ఊరివాళ్ళెవరూ అంతకుముందు ఆ గోడ దాటలేదు. డిష్షు కింద నిలబడి చూస్తే అది మూకుడు కాదు, ఇల్లంత ఉంది. చల్లటి గదిలో, పెద్ద తెర మీద ఇంజనీరమ్మాయి ఒక బొమ్మ వేసింది. బొమ్మంతా అడ్డంగా తెల్లటి గీతలు.

“ఇవి మీ గిర్ని నడిచిన రోజువి,” అంది.

“అబ్బో! మన పిండి ఆకాశం దాంక లేచింది సెల్లె,” అంది అక్క. గదంతా నవ్వింది. మా ఆయన కూడా.

తర్వాత ఆ అమ్మాయి గీతల్లేని బొమ్మ వేసింది. పాతదట, కాంపౌండు గోడ కట్టకముందుది. నల్లటి మరకలా శామీర్‌పేట చెరువు. దాని పక్కన దారంలా రోడ్డు. గళ్ళు గళ్ళుగా తోటలు, పొలాలు. అక్క నవ్వు ఆపి తెర దగ్గరికి నడిచింది.

“గిందుల మా సేనేది?”

ఆ అమ్మాయి ఊరు చూపించింది, బాట చూపించింది. అక్క బాట వెంట వేలు జరుపుకుంటూ పోయి ఒక చిన్న గడి మీద ఆగింది. వేలు తీయలేదు.

“గోడ లేకుంటె ఇంటికి ఎంత దగ్గెరుండె సెల్లె,” అంది.

ఆ గడి మీదే ఇప్పుడు మేము నిలబడ్డ గది ఉండొచ్చు, లేదా డిష్షు ఉండొచ్చు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. గేటు దాటాక ఎప్పటి గొంతుతోనే, “జల్దీ నడువ్, డబ్బాలు లైన్ల ఉన్నయి” అంది.

ఆ ఆదివారం మా ఆయన పెరట్లో బట్టలు పిండుతూ అన్నాడు. “ఆ దినం నీకే ముందు చెప్పాల్సి ఉండె.”

“ఉండె,” అన్నాను.

అంతకంటే ఎక్కువ మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు. తర్వాత ఆఫీసు సంగతులు కొంచెం కొంచెంగా ఇంట్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఉపగ్రహం ఎప్పుడు వస్తుందో, ఏది మొరాయిస్తోందో. సగం నాకు అర్థమయ్యేది కాదు, అయినా వినేదాన్ని.

పాప పుట్టాక గిర్ని పూర్తిగా అక్కకు అప్పజెప్పాను. ఆమె చేపల గంప మానేసి, కొడుకు సాయంతో కారం పట్టే మిషను కూడా పెట్టింది. నేను ఊరుకోలేదు. ఆఫీసులో పెళ్ళికాని పిల్లలకు డబ్బాల్లో అన్నం పంపాను కొన్నేళ్ళు. అది విసుగొచ్చి కౌకూర్ బడికి పిల్లల వ్యాను పెట్టించాను. ప్రతిదీ కుదురుకునే వేళకు నాకు ఊపిరాడనట్టుండేది, వదిలేసి ఇంకోటి పట్టుకునేదాన్ని. మా ఆయన ఇక అడగడం మానేశాడు. కొత్తది ఏదైనా చెబితే, “మోటరున్నదా దాంట్ల?” అంటాడంతే.

ఇప్పుడు కాలనీలో ఖాళీ ప్లాటు వెతికినా దొరకదు. బావి పూడ్చారు. కొట్టం మాత్రం ఉంది, గిర్ని అందులోనే నడుస్తోంది, అక్క కోడలు చూసుకుంటోంది. దాని ఎదురుగా ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. అందులో దిగినవాళ్ళు ఈ మధ్య కాలనీ సంఘానికి ఫిర్యాదు చేశారు. పొద్దున్నే గిర్ని చప్పుడుకు నిద్ర పట్టడం లేదట, ఇళ్ళ మధ్య గిర్ని ఏమిటట.

పోయిన ఆదివారం మీటింగు పెట్టారు. ఒక కుర్రాడు లేచి, “అసలు దీనికి ఇక్కడ పర్మిషన్ ఎవరిచ్చారండీ?” అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి, కాలనీ కన్నా ముందు ఆ గిర్ని ముందు వరస పుట్టిందనీ, మీ అపార్టుమెంటుకు త్రీఫేజు వచ్చింది కూడా ఆ గిర్ని కోసం బాగుచేసిన లైను నుంచేననీ గట్టిగానే చెప్పాను. గొంతు పెరిగింది. మా అమ్మాయి కొంగు పట్టి లాగింది. చివరికి గిర్ని కాస్త పొద్దెక్కాక మొదలుపెట్టాలని, పాత తలుపు తీసేసి చప్పుడు బయటికి రాని తలుపు పెట్టుకోవాలని ఒప్పుకున్నారు. పర్మిషన్ మాట ఇంకా తేలలేదు.

అక్క ఇంటికెళ్ళి సంగతి చెప్పాను. మంచం మీద కాళ్ళు చాపుకుని విన్నది. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేకపోతోంది.

“మల్ల మీటింగు పెడితె మా కోడలు మాట్లాడుతదట సెల్లె. దానికి నోరున్నది. నువ్వు జర ఊకె కూసో.”

వెనక వరసలో కూర్చుంటానని మాటిచ్చాను. కూర్చోగలనో లేదో నాకే తెలియదు.